పన్నెండడుగులు

నవంబరు మూడోవారం, శనివారం,
తెల్లారకముందే వైరోక్వా ఊరంతా
కనకాంబరం రంగు తొడుక్కుంటుంది.
పెట్రోలు బంకులో, కాఫీ దగ్గర, చర్చి మెట్ల మీద
అవే టోపీలు, అవే చొక్కాలు.
జింకకి ఆ రంగు ఆనదట.
మనిషిని మనిషి జింకనుకోకుండా
మనుషుల కోసమే ఆ పూలరంగు.

లా క్రాస్ ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ దిగి
అప్పుడే కళ్లు మూశాను.
మొదటి తుపాకీ మోతకి కిటికీ అద్దం వణికింది.
మిరియం మంచం కిందికి దూరింది.
(మిరియం మా కుక్క. పేరుకే ఘాటు.)

ఈ నలభై ఎకరాలు కొన్న ఏడాది
సర్వే వాళ్లు గులాబీ రిబ్బన్లు కట్టి వెళ్లాక తెలిసింది,
వెర్లిన్ హౌగెన్ మంచె
నా హద్దులోకి పన్నెండడుగులు వచ్చి ఉందని.
ఓక్ చెట్టుకి మేకులు,
మేకుల్ని సగం మింగేసిన బెరడు.
వాళ్ల నాన్న కొట్టినవట.
నాకు ముందున్నావిడతో నోటిమాట మీద నడిచిందట.
నోటిమాటకి రిజిస్ట్రేషనేదీ, అన్నాను.

మా నాన్న గొలుసు పట్టి ఊళ్లు కొలిచినవాడు.
"గట్టు తగాదా గెలిచినోడికి
చారెడు నేల దక్కుతుంది,
చేబదులు పుట్టదు" అనేవాడు.
వినీ, ఇనపకొట్టుకెళ్లి
పదహారు బోర్డులు కొన్నాను.
లోనికి రారాదు. లోనికి రారాదు.
నలభై ఎకరాల చుట్టూ అదే మాట, నా సంతకంతో.

ఆ చలికాలమంతా వెర్లిన్
ట్రాక్టరు మీంచి ఒక్క వేలు లేపేవాడు.
అది పలకరింపో, లెక్కో
తేల్చుకోలేకపోయాను.

రెండో ఏడు, ఆదివారం, పొద్దు గుంకాక
కంచె దగ్గర ఎవరో నిలబడ్డారు.
కదలడు. పిలవడు.
బూట్లేసుకుని వెళ్లేసరికి
తుపాకీ అతనివైపు గుంజకి ఆనించి ఉంది,
తీసిన గుళ్లు అరచేతిలో, నాకు కనబడేలా.
"దెబ్బ తిన్నది. మీవైపు దూకింది.
వద్దంటే రాను.
కానీ రాత్రంతా అది..."
అక్కడ ఆగిపోయాడు.
గంట నుంచీ అక్కడే ఉన్నాడని
బూట్ల కింద కరిగిన మంచు చెప్పింది.

టార్చి నేను పట్టుకున్నాను.

మంచు మీద నెత్తురు దేనిలాగానూ లేదు.
నెత్తురులాగే ఉంది.
రోజూ చూసేదే,
ఇంత ఒంటరిగా ఎప్పుడూ చూడలేదు.
చుక్క. మూడడుగులు. చుక్క.
తర్వాత ఏమీ లేదు.
అతను మోకాళ్ల మీద కూచుని
ఒక గడ్డిపోచని వేలితో తడిమాడు. "ఇటు."
నా భూమిలో నాకు తెలియని దారి.

వాగు పక్కన పడి ఉంది, ఇంకా వెచ్చగా.
అలవాటుగా నా రెండు వేళ్లు మెడ మీదికి వెళ్లాయి.
నాడి లేదు. టైము చూశాను.
అయిదూ నలభై.
అతను టోపీ తీశాడు.

చెరో కొమ్మూ పట్టి కంచెదాకా లాగాం,
నా బోర్డు పక్కనించే.
ఇద్దరం చదవలేదు.

బుధవారం గుమ్మంలో తెల్లకాగితం పొట్లాలు ఐదు.
పెన్సిలు రాత: తొడ. వెన్ను. వెన్ను. కూరకి. కుక్కకి.
ధనియాలూ ఎండుకొబ్బరీ వేయించి వండి
ఒక గిన్నె పట్టుకెళ్లాను.
వాళ్లావిడ ఆర్డిస్ మారు వడ్డించుకుంది.
అతను చెమటలు కక్కుతూ "బానే ఉంది" అన్నాడు,
మళ్లీ గిన్నెకేసి చూడలేదు.

మంచె అక్కడే ఉంది, పన్నెండడుగులు లోపలే.
అతనెత్తడు, నేనెత్తను.
ఎత్తే రోజు వస్తుందేమో. అల్లుడు వేరే రకం.
మొన్న చెట్టుకి కెమెరా కట్టాడు, నా ఇంటివైపు.
మర్నాటికి అది వాగువైపు తిరిగి ఉంది.
ఎవరు తిప్పారో ఎవరూ చెప్పలేదు.

బోర్డులు పీకలేదు నేను.
ఆ మూలనున్న ఒక్కదాని మీద
"రారాదు" కింద
మార్కరుతో నా ఫోను నంబరు రాశాను.

ఈ శనివారం నాలుగున్నరకి మోగింది.
"ఎక్కుతున్నాను," అన్నాడు. అంతే.
మిరియాన్ని లోపలికి పిలిచి
గొళ్లెం పెట్టాను.